సన్నగీత

జూన్ 2

ఈ డైరీ మా ఆయన పేరు మీద వచ్చింది. బేరింగుల కంపెనీవాళ్ళు ఏటా పంపిస్తారు. మనిషి లేడన్న సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. సగం ఏడాది గడిచాక మొదలుపెడుతున్నాను కాబట్టి ముందు పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. ఉండనీ. ఆ నెలల్లో రాసుకోవాల్సింది కూడా ఏమీ లేదు.

మొదలుపెట్టడానికి కారణం చెప్పుకుంటే నవ్వొస్తుంది. పొద్దున్న షాపు గుమ్మంలో ఎవరో పిలిస్తే "వస్తున్నా" అన్నాను. నోరు కదిలింది, మాట బయటికి రాలేదు. దగ్గి, గొంతు సవరించుకుని మళ్ళీ అనాల్సి వచ్చింది. ఎన్నాళ్ళుగా ఎవరితోనూ మాట్లాడలేదో అప్పుడు తెలిసింది. వాడని ఇనుము తుప్పు పట్టినట్టు గొంతుకూ పడుతుంది కాబోలు. కాగితంతోనైనా నాలుగు మాటలు మాట్లాడదామని ఇది తీశాను.

పిలిచింది పడవన్నయ్య. ఏటి మీద మనుషుల్ని దాటించే మోటారు పడవ ఆయనది. మా ఆయన్ని బావా అనేవాడు, నన్ను చెల్లెమ్మా అంటాడు. తోపుడుబండి మీద గోనెపట్టాలో చుట్టి ఇంజిన్ క్రాంకు తెచ్చాడు.

"లోపల ఒకటే కొట్టుకుంటోంది చెల్లెమ్మా. విప్పి చూస్తే బేరింగులు తినేసి ఉన్నాయి, క్రాంకు మీద కూడా చారలు పడ్డాయి. నువ్వు దీన్ని అరగదీసి సైజు చేసిపెట్టావంటే కొత్త బేరింగులు వేసుకుని, ఏరు పొంగేలోపు పడవ దించుకుంటా."

"కొలిచి చెబుతాను అన్నయ్యా."

"కొలిచేదేముంది? ఇదివరకు బావ చేసిందేగా. రెండుసార్లో, మూడుసార్లో."

అని, నా వెనకున్న, క్రాంకులు అరగదీసే గ్రైండరు వైపు చూశాడు. దాని మీది దుప్పటి చలికాలంలో, ఆయన పోయిన వారంలో, నేను కప్పింది. మళ్ళీ నా వైపు చూశాడు. అడగాలనుకున్నది అడగలేదు పాపం.

"చేస్తాను," అన్నాను నేనే.

జూన్ 3

దుప్పటి తీశాను. దులిపితే తుమ్ములొచ్చాయి. అంతకుమించి ఏమీ జరగలేదు. ఏదో జరుగుతుందని ఇన్నాళ్ళూ భయపడ్డాను.

పెళ్ళయినప్పటి నుంచీ మా పని ఇద్దరిది. ఆయన చక్రం తిప్పి అరగదీసేవారు, నేను మైక్రోమీటరుతో కొలిచేదాన్ని. నేను అంకె చెబితే ఆయన అదే అంకె పైకి తిరిగి చెప్పి, "గీత?" అని అడగాలి. మైక్రోమీటరు గొట్టం మీద అర మిల్లీమీటరుకు ఒక సన్నగీత ఉంటుంది. అది బయటపడిందా, లోపలే ఉందా అని చూసుకోకపోతే చదివిన అంకెలో సరిగ్గా అర మిల్లీమీటరు తేడా వచ్చేస్తుంది. నేను "ఉంది" అనో "లేదు" అనో అన్నాకే ఆయన చెయ్యి చక్రం మీద పడేది. ఇంట్లో కూడా ఇదే వరస. కూరలో ఉప్పు తక్కువైందని నేనంటే "ఉప్పు తక్కువైంది. గీత?" అనేవారు. అంత వేళాకోళం.

ఇవాళ ఒక్కదాన్నే కొలిచాను. రెండు సిలిండర్ల ఇంజిన్, క్రాంకు మీద బేరింగులు కూర్చునే పిన్నులు రెండు. మొదటిదాని దగ్గర అలవాటుకొద్దీ పైకే చెప్పాను: "అరవై తొమ్మిది తొంభై ఆరు." ఫ్యాను తిరుగుతోంది. రెండోదీ అంతే వచ్చింది.

కొత్త పిన్ను డెబ్బై ఇరవై ఐదు ఉంటుంది, సైజు చేసినప్పుడల్లా పావు మిల్లీమీటరు తగ్గుతుంది. అంటే మునుపు ఒక్కసారే సైజు చేశారన్నమాట. పడవన్నయ్యకు మతిమరుపు. ఇంకా బోలెడంత ఇనుము ఉంది, రెండో సైజుకు హాయిగా చేసుకోవచ్చు. క్రాంకు మార్చాల్సిన పనే లేదు.

ఏ సైజుకు చేసినా ఆ అంకెను ఆయన బ్యాలెన్స్ దిమ్మ మీద పంచితో కొట్టేవారు. దిమ్మ మీద మాడిన ఆయిలు మడ్డి గట్టిగా పట్టేసింది. కిరోసిన్ అయిపోయింది. అయినా కొలిచాక ఇంక అంకెతో పనేముంది?

బావగారు, మా ఆయన అన్నగారు, ఫోన్ చేశారు. ఎత్తలేదు. చేతులనిండా ఆయిలు.

జూన్ 4

కిరోసిన్ తెచ్చాను. బ్రష్షు కనిపించలేదు.

జూన్ 5

బేరింగులు చూద్దామని స్పేర్ పార్టుల షాపుకు వెళ్ళాను. అక్కడ కౌంటరు మీద మోచేతులు ఆనించి రేపురెడీ నించుని ఉన్నాడు. చివరి సందులో పెద్ద వర్క్‌షాపు వాడిది. ఏ పని తెచ్చినా, చూడకుండానే "రేపు రెడీ" అంటాడు కాబట్టి ఆ పేరు. పెట్టింది మా ఆయనే.

షాపాయన రెండు రకాల షెల్స్, అంటే బేరింగు రేకులు, చూపించాడు. ఒకటి గట్టిరకం, బరువు బాగా ఆపుతుంది. రెండోది మెత్తరకం. ఆయిల్లో నలుసు వస్తే మెత్తది తనలో కలిపేసుకుంటుంది, గట్టిది దాన్ని పట్టుకుని క్రాంకును గీకుతుంది. "ఇద్దరిలో ఎవరో ఒకరు అరగాలంటే బేరింగే అరగాలి, చవకది అదే" అనేవారు ఆయన. మెత్తవే అడిగాను. రెండో సైజువి.

"క్రాంకు మీరే చేస్తున్నారా అక్కా?" అన్నాడు రేపురెడీ.

"మరి నువ్వొచ్చి చేస్తావా?"

"ఎందుకొచ్చిన శ్రమ. మార్చెయ్యమని చెప్పెయ్యండి. చేతకానప్పుడు అందరూ చెప్పేది అదేగా. ఎవరూ తప్పు పట్టరు." అని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. "అన్నట్టు మీ బావగారు చెప్పలేదా? నెలాఖరుకి ఆ గ్రైండరు నేనే తీసుకుంటున్నా. మీరు నడపలేరు కదా అన్నారాయన."

అందుకా ఫోన్లు! మిషన్‌లో ఆయనకూ సగం వాటా ఉంది.

దారి పొడుగునా వాడికి చెప్పాల్సిన సమాధానాలు నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చేసరికి చాలా మంచివి తయారయ్యాయి. వినేవాడు లేడు. ఆడలేనమ్మ మద్దెల ఓడంది అనిపించుకోవడానికి నేను సిద్ధంగా లేను. ఈ క్రాంకు నేను చేస్తాను. చేసింది ఏట్లో తిరుగుతుంది. వీధంతా చూస్తుంది. అప్పుడు ఎవడొచ్చి మిషన్ పట్టుకుపోతాడో నేనూ చూస్తాను.

జూన్ 6

క్రాంకును మిషన్ మీదికి ఎక్కించడానికి పొద్దంతా పట్టింది. పిన్ను నడిమధ్యన తిరగాలంటే క్రాంకు మొత్తం పక్కకు జరిగి కూర్చోవాలి. డయలు ముల్లు కదలకుండా నిలబడే దాకా ఒకవైపు సుత్తితో తట్టడం, రెండోవైపుకు నడవడం, చూడడం, వెనక్కి రావడం. ఇద్దరుంటే నడక ఉండదు. కాళ్ళు లాగుతున్నాయి.

అరగదీసే రాయి అంచులు గుండ్రంగా దిద్దాను. పిన్ను మూల కోసుగా మిగిలిపోతే పగులు అక్కడినుంచే మొదలవుతుంది. రేపురెడీ వాళ్ళు దిద్దరు.

దిమ్మ కడగలేదు. ఎక్కించేశాక ఇంకేం కడుగుతాం.

జూన్ 7

అయింది!

మొదటి నిప్పురవ్వ వచ్చినప్పుడు ఏడుపొచ్చింది, ఒప్పుకుంటాను. తర్వాత ఏడవడానికి తీరిక లేదు. మధ్యలో ఒకసారి మిషన్ ఆపి కొలవాలి. ఆపితే మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం ఉంటుందో ఉండదో అని ఆపలేదు. చక్రం మీది గీతల లెక్కనే నమ్ముకుని చివరిదాకా వెళ్ళాను. అప్పుడు కొలిచాను. తిప్పే గొట్టం సరిగ్గా ఇరవై ఐదు మీద నిలబడింది. సన్నగీత యాభై కలిపితే డెబ్బై ఐదు, ఎక్కడ నిలబడాలో అక్కడే.

"అరవై తొమ్మిది డెబ్బై ఐదు!" అని అరిచాను. ఎవరూ తిరిగి చెప్పలేదు. చెప్పకపోతే పోనీ.

రెండో పిన్నూ అలాగే వచ్చింది. చీకటి పడకుండానే రెండూ పాలిష్ చేశాను. వేలు పెడితే జారిపోతోంది.

ఎవరికైనా చెప్పాలనిపించి బయటికి వెళ్ళాను. కూరగాయలామె ఉంది. "ఇవాళ క్రాంకు సైజు చేశాను," అన్నాను. "మంచిదమ్మా, వంకాయలు లేతగా ఉన్నాయి," అంది. కొన్నాను.

ఆ సంబరంలో ఫోన్ మోగితే ఎవరో చూడకుండా ఎత్తేశాను. బావగారు. "అమ్మాయ్," అన్నారు. ఆ ఒక్క మాటకే పెట్టేశాను. సిగ్నల్ లేదని మెసేజ్ పంపాను. మిషన్ అమ్మేస్తున్నందుకు కోపం నాకు. కోపమే.

జూన్ 8

ఆదివారం. షాపులన్నీ మూసి ఉన్నాయి. పిన్నుల్ని రెండుసార్లు తుడిచాను, దుమ్ము పడకుండా.

జూన్ 9

బేరింగులు కూర్చోలేదు.

కనెక్టింగ్ రాడ్డులో రెండో సైజు షెల్స్ పెట్టి పిన్ను మీద బిగించాను. ఆయిలు పొరతో మెత్తగా, కాస్త బరువుగా తిరగాలి. గుడిగంటలో నాలుకలా అటూ ఇటూ కొట్టుకుంది. మొదట నాకొచ్చిన ఆలోచన షాపాయన తప్పు షెల్స్ ఇచ్చాడని. వెళ్ళి నలుగురి ముందు అరిచాను. ఆయన నా ఎదుటే షెల్ మందం కొలిచాడు. సరిగ్గా ఉంది. "పోన్లెండమ్మా, కూర్చోండి, మంచినీళ్ళు తాగండి," అన్నాడు. నీళ్ళు తాగకుండా వచ్చేశాను.

మైక్రోమీటరు పెట్టాను. ఇరవై ఐదు. వెలుతురు దగ్గరికి తిప్పి చూశాను.

సన్నగీత లేదు.

లేనే లేదు. డెబ్బై ఐదు కాదు, ఇరవై ఐదు. మొదటిరోజు తొంభై ఆరు కూడా కాదు, నలభై ఆరు. గొట్టం అంచు ఆ రోజు గీత పక్కదాకా వచ్చింది. బయటపడిందనుకున్నాను. బయటపడాలని ఉంది నాకు.

అంటే ఆ క్రాంకు అప్పటికే మూడో సైజులో ఉంది. పడవన్నయ్యకు మతిమరుపు లేదు. ఈ ఇంజిన్‌కు మూడోదే ఆఖరు. పిన్ను పైన కాల్చి గట్టిపరిచిన పొర ఒకటి ఉంటుంది, మూడు సైజుల తర్వాత అది అయిపోతుంది. నేను దాన్ని తీసేసి నాలుగో సైజు చేశాను. ఎంత అందంగా చేశానో!

అప్పుడు బ్రష్షు తీశాను. రోజూ ఉండే మేకుకే ఉంది. దిమ్మ కడిగాను. మడ్డి కింద 25, దాని పక్కన 50, దాని పక్కన 75. 75 పక్కన అడ్డంగా ఉలిగాటు. అది ఆయన అలవాటు, ఇంకెవరికీ లేదు. ఆఖరి సైజు చేశాక గాటు పెట్టేవారు, తర్వాత వచ్చేవాడు ముట్టుకోకుండా. ఆ గాటు పెడుతున్నప్పుడు టార్చి పట్టుకున్నది నేను.

కిరోసిన్ లేక కాదు. బ్రష్షు లేక కాదు. ఆ మడ్డి కింద ఏముందో నాకు తెలుసు. కడిగితే మార్చమని చెప్పాల్సి వస్తుంది, మార్చమంటే నాకు చేతకాలేదని రేపురెడీ నవ్వుతాడు. అందుకు కడగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఆయన ఉంటే "గీత?" అని అడిగేవారు. ఒక్క మాట. ఆ ఒక్క మాట అడిగే మనిషి లేక ఇంత జరిగింది. నాకు చాలా కోపంగా ఉంది. ఆయన మీద.

జూన్ 10

పిన్నుల్ని అన్ని దిక్కులనుంచీ కొలిచాను, ప్రతిసారీ గీత చూసుకుంటూ. ఎక్కడా వంకర లేదు, ఒక చివర లావు ఒక చివర సన్నం లేదు. మూలలు గుండ్రంగా వచ్చాయి. నా చేత్తో చేసిన మొట్టమొదటి క్రాంకు. ఆయన చేసినంత బాగుంది. కాస్త ఎక్కువే బాగుంది. ఎవరూ వినడంలేదు కాబట్టి రాస్తున్నాను.

బజారులో నాలుగో సైజుకు కూడా బేరింగులు దొరుకుతాయి. అమ్మేవాళ్ళు ఏదైనా అమ్ముతారు.

జూన్ 11

నాలుగో సైజు షెల్స్ తెచ్చాను. ఊరికే. చూడడానికి.

జూన్ 12

సరిగ్గా సరిపోయాయి.

జూన్ 13

వాన. ఏరు ఇంకా పొంగలేదు కానీ నీళ్ళ రంగు మారిందని కూరగాయలామె చెప్పింది.

పొద్దుటినుంచీ బల్ల మీద ఆ క్రాంకు, షెల్స్‌తో సహా, నా ఎదురుగా ఉంది. ఇంజిన్‌లో పెడితే తిరుగుతుంది. ఒక నెల తిరుగుతుందేమో, ఒక ఏడాదే తిరుగుతుందేమో. మెత్తటి ఇనుము మీద చారలు పడి, బేరింగు వేడెక్కి, ఏదో ఒకనాడు పట్టేస్తుంది. లారీలో అయితే రోడ్డు పక్కన ఆగుతుంది. పడవలో అయితే నడి ఏట్లో, ఎదురునీళ్ళలో, మనుషులతో. పడవన్నయ్య కూతురు రోజూ ఆ పడవలోనే అవతలి ఒడ్డుకు పనికి పోతుంది.

పెట్టకపోతే? రేపురెడీ గెలుస్తాడు. మిషన్ పోతుంది. మిషన్ పోతే నేను ఈ గదిలో కూర్చుని ఏం చేస్తాను? ఎవరు వస్తారు? ఇప్పుడు గుమ్మంలోకి వచ్చే ఆ ఒక్కరిద్దరూ క్రాంకుల కోసం వచ్చేవాళ్ళే. నా కోసం కాదు. ఇది రాయడానికి ఇంతసేపు పట్టింది.

జూన్ 14

పడవన్నయ్య వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే బల్ల మీద చూసేశాడు.

"అబ్బో! అద్దంలా ఉంది చెల్లెమ్మా! బావ పనే, అచ్చు బావ పనే. ఆ రేపురెడీ గాడు నువ్వు చెయ్యలేవని రేవంతా చెప్పుకొచ్చాడు. వాడి మొహాన కొడతాను దీన్ని."

ఈ మాటలు వినడానికే కదా ఇదంతా చేసింది. విన్నాను. కడుపునిండా విన్నాను. తర్వాత కూర్చోమన్నాను.

"అన్నయ్యా, ఇది పడవలో పెట్టకూడదు."

నవ్వాడు, ఎకసక్కెమనుకుని. దిమ్మ తిప్పి గాటు చూపించాను. అదేమిటో చెప్పాను. నేను తప్పు చదివానని చెప్పాను. కడగకుండా దాటేశానని కూడా చెప్పాను. ఆ మాట దగ్గర మళ్ళీ గొంతు రాలేదు, దగ్గి చెప్పాను.

పడవన్నయ్య దిమ్మ మీదికి వంగి గాటు చూశాడు. తర్వాత, "బేరింగులు సరిపోయాయి అంటున్నావుగా?"

"సరిపోయాయి."

"తిరుగుతుందిగా?"

"తిరుగుతుంది. ఎన్నాళ్ళో చెప్పలేను."

"కొత్త క్రాంకు వచ్చేసరికి ఏరు పొంగుతుంది. పడవ ఒడ్డునే ఉంటుంది. నేనేం తినాలి చెల్లెమ్మా? ఈ మాట మొదటిరోజే చెప్పుంటే ఈపాటికి కొత్తది దారిలో ఉండేదిగా!"

నిజమే కాబట్టి తల దించుకున్నాను.

లేచి, క్రాంకు మీద చెయ్యి వేశాడు, పట్టుకుపోతాడేమో అనుకున్నాను. వేలితో పిన్నును నిమిరాడు. నిమురుతూనే అన్నాడు: "కోసెయ్."

"ఏంటి?"

"రెండు ముక్కలుగా కోసెయ్. నా దగ్గర ఉంటే ఏదో ఒకరోజు బుద్ధి గడ్డితిని పెట్టేస్తాను. నాకు నేను తెలుసు. నీ దగ్గర ఉన్నా అంతే, రేపొచ్చి కాళ్ళావేళ్ళా పడతాను, నువ్వు ఇచ్చేస్తావు. కోసెయ్."

గోనెపట్టా భుజాన వేసుకుని, వానలో తడుస్తూ పోయాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "పని మాత్రం బ్రహ్మాండంగా చేశావు," అన్నాడు.

జూన్ 15

ఆదివారం మూలాన వీధిలో ఎవరూ లేరు. షట్టరు సగం దించి కటింగ్ మిషన్ తీశాను. ఒక చేత్తో అది పట్టుకుంటే క్రాంకు దొర్లుతోంది. కాలితో అదిమాను, ఊహూఁ. కొయ్యదిమ్మలు అడ్డం పెట్టాను, అయినా కదిలింది. దీన్ని చెయ్యడం ఒక్కదానివల్ల అయింది, పాడుచెయ్యడం కావడంలేదు.

షట్టరు కింద బావగారి చెప్పులు కనిపించాయి. వంగి లోపలికొచ్చారు.

"ఫోన్ ఎత్తవు. మెసేజీలో సిగ్నల్ లేదంటావు. సిగ్నల్ లేకుండా మెసేజీ ఎలా వచ్చిందమ్మాయ్?"

ఇదీ అసలు సంగతి. ఇక్కడ కూడా అబద్ధమే రాస్తూ వచ్చాను. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే గొంతు. మొహంలో పోలికే లేదు, బావగారు లావు, బట్టతల, ఆయిలంటే అసహ్యం. గొంతు మాత్రం ఆయనదే, దగ్గు కూడా. ఆ గొంతు "అమ్మాయ్" అంటుంటే భరించలేక ఫోన్ ఎత్తలేదు. మిషన్ సంగతి తర్వాత తెలిసింది, వంకకు పనికొచ్చింది.

"ఆ చివర పట్టుకోండి," అన్నాను.

"ఇంత బాగా చేసి ఎందుకు కోస్తున్నావు?"

చెప్పాను. అంతా విని, చొక్కా చేతులు మడిచి, ఆయిలు అంటిన ఆ చివర పట్టుకున్నారు. నేను కోశాను. సరిగ్గా పిన్ను నడిమధ్యన, మెరుస్తున్న చోటే కోశాను. రవ్వలు ఆయన మీద పడుతుంటే మొహం తిప్పుకున్నారే గానీ చెయ్యి వదల్లేదు.

రెండు ముక్కలయ్యాక, "మిషన్ నడపలేవనుకున్నాను," అన్నారు.

"అందుకే అమ్ముతున్నారా?"

"అందుకు కాదు." చేతులు గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నారు, ఎంతకీ వదలడంలేదు ఆ ఆయిలు. "ఈ వీధిలోంచి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా ఆ చప్పుడు వినిపిస్తుందేమో అని చెవులు రిక్కించుకుంటాను. మిషనే ఇక్కడ లేకపోతే ఆ బాధ ఉండదుగా అనుకున్నాను. నువ్వేం చేస్తావన్నది ఆలోచించలేదమ్మా."

ఇద్దరం ఏడవలేదు. బావామరదళ్ళం, ఒకరి ముందు ఒకరం ఎలా ఏడుస్తాం? ఆయన వెళ్ళిపోయాక ఏడ్చాను. బహుశా ఆయన కూడా, దారిలో.

జూన్ 18

ఒక ముక్క తలుపుకు ఆనించాను, గాలికి కొట్టుకోకుండా. బరువుగా బాగుంది.

జూన్ 21

రేపురెడీ వీధంతా చెప్పాడట: చేసిందట, చెడగొట్టిందట, కోసిపారేసిందట. అందులో ఒక్క మాట అబద్ధం లేదు. ఏమని ఖండించను?

స్పేర్ పార్టుల షాపాయనకు క్షమాపణ చెప్పాను. "పోన్లెండమ్మా," అన్నాడు. ఈసారి మంచినీళ్ళు తాగాను.

జూన్ 24

ఏరు పొంగింది. ఎవరూ రాలేదు.

జూన్ 25

ఎవరూ రాలేదు.

జూన్ 30

కొత్త క్రాంకు వచ్చింది. పడవన్నయ్య నేరుగా మెకానిక్ దగ్గరికి తీసుకుపోకుండా ఇక్కడికి తెచ్చాడు.

"కొత్తదానికి నేనేం చెయ్యాలి అన్నయ్యా?"

"కొలువు. బేరింగులు నువ్వే ఎంచు. రేపురెడీ దగ్గరికి కూడా వెళ్ళాను చెల్లెమ్మా, దాచడమెందుకు. పట్టా విప్పకుండానే 'బేరింగులు నేనేస్తాను, రేపు రెడీ' అన్నాడు. నువ్వు నీ తప్పు నువ్వే కొలిచి నా ముందు పెట్టావు. నాకు అది చాలు."

అన్నయ్య టీకి వెళ్ళాడు. బావగారు ఉన్నారు అప్పటికే. ఈమధ్య రెండుమూడుసార్లు "ఊరికే, ఇటువైపు పనుండి" వచ్చారు. ఇటువైపు ఆయనకు ఏ పనీ లేదని నాకు తెలుసు. మిషన్ ఇవ్వనని రేపురెడీకి ఆయనే చెప్పేశారట, ఎలా చెప్పారో నేను అడగలేదు. చొక్కా నలగకుండా ఆయన స్టూలు మీద, అదే, మా ఆయన స్టూలు మీద, అంచున కూర్చుని ఉన్నారు.

క్రాంకు తుడిచి, మైక్రోమీటరు తెరిచి, పిన్ను మీద పెట్టాను. అలవాటుకొద్దీ పైకే చెప్పాను.

"డెబ్బై ఇరవై ఐదు."

ఫ్యాను తిరుగుతోంది. బావగారు నా వైపు చూశారు. "నాతోనా?"

"మీతోనే. నేను చెప్పింది తిరిగి చెప్పాలి. చెప్పి, 'గీత?' అని అడగాలి."

"ఎందుకు?"

"అడగండి. చెబుతాను తర్వాత."

గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపు కూడా అదే.

"డెబ్బై ఇరవై ఐదు," అన్నారు. "గీత?"

మైక్రోమీటరు కళ్ళకు మసగ్గా కనిపించింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టి, కిటికీ వైపు తిప్పి చూశాను.

"లేదు," అన్నాను. ఈసారి చూసే అన్నాను.

"తర్వాత?" అన్నారు.

రెండో పిన్ను మీదికి జరిగాను.